‘విన్’ అనే చిన్న మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు చెబుతుంటాను. డిగ్రీ పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ప్రమోషన్ కోసం ఇంగ్లిష్ దిద్దుకునే ఉద్యోగులు వస్తారు. ‘విన్’ అనే మాట తెలియనివాళ్లు వాళ్లలో ఒక్కరూ ఉండరు. అయినా ప్రతి బ్యాచ్‌లోనూ దాని మీద ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. తెలివి తక్కువై కాదు. మన ‘గెలుచు’ నడిచే దారి వేరు, ఇంగ్లిష్ ‘విన్’ నడిచే దారి వేరు. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదటి అడుగు: అర్థం, స్పెల్లింగ్, పలకడం

విన్ అంటే గెలవడమేగా? ఇంకా అర్థాలు ఉన్నాయా?

వాడుకలో రెండు పెద్ద అర్థాలు ఉన్నాయి. పోటీలోనో పోరులోనో పైచేయి సాధించడం ఒకటి: మ్యాచ్, ఎన్నిక, కేసు, వాదన, యుద్ధం. కష్టం వల్లో అదృష్టం వల్లో ఒకదాన్ని దక్కించుకోవడం రెండోది: పతకం, స్కాలర్‌షిప్, కాంట్రాక్టు, ఓట్లు, నమ్మకం, అభిమానం. తెలుగులో ఈ తేడాని క్రియలోనే చూపిస్తాం. మ్యాచ్ ‘గెలిచింది’, పతకం ‘గెలుచుకుంది’. ‘కొను’ చేరగానే అది తన చేతికి అందిందన్న భావం వస్తుంది. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా ఒకే మాట.

దీని పాస్ట్ టెన్స్ ‘విన్డ్’ అంటే తప్పా?

తప్పే. విన్, వన్, వన్. రెండో రూపం, మూడో రూపం ఒకటే: డబ్ల్యూ, ఓ, ఎన్. ‘ఇంగ్’ రూపంలో ‘ఎన్’ రెండుసార్లు రాయాలి, ‘విన్నర్’లోనూ అంతే. ఒక్క ‘ఎన్’తో రాస్తే ఇంగ్లిష్ చదివేవాళ్లకి అది ‘వైనర్’లా కనబడుతుంది.

గెలిచాడు అనే అర్థంలో ‘వన్’ని ‘వాన్’ అనాలా, ‘వోన్’ అనాలా?

రెండూ కాదు. ఒకటి అనే అంకెను ఇంగ్లిష్‌లో ఎలా పలుకుతామో అచ్చం అలాగే పలకాలి. స్పెల్లింగ్ వేరు, శబ్దం ఒకటే. ‘ఓ’ అక్షరం కనబడుతోంది కదా అని ‘వోన్’ అనేవాళ్లు చాలామంది. అలా పలికితే ‘వోంట్’కి, అంటే ‘చేయను’ అనే మాటకి దగ్గరగా వినిపిస్తుంది. శబ్దం ఒకటే కాబట్టి రాసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది: గెలిచాను అని రాయాల్సిన చోట అంకె స్పెల్లింగ్ పడుతుంది. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ వాడేవాళ్లు పంపే ముందు ఒకసారి చూసుకోండి.

నేను విన్ అన్నా ఫారిన్ క్లయింట్‌కి అర్థం కావడం లేదు. ఎక్కడ పొరపాటు?

పెదవుల్లో. మన ‘వ’ ఇంగ్లిష్‌లోని రెండు శబ్దాలకి మధ్యలో ఉంటుంది, అందుకే డబ్ల్యూతో రాసే ‘వైన్’కీ (తాగేది), వితో రాసే ‘వైన్’కీ (తీగె) మనం తేడా చూపించం. ‘విన్’ పలికేటప్పుడు కింది పెదవి పై పళ్లకి తగలకూడదు. ముందు ‘ఉ’ అనబోతున్నట్టు పెదవులు గుండ్రంగా పెట్టి, వెంటనే ‘ఇన్’ అనండి. ‘ఉ-ఇన్’ని వేగంగా పలికితే సరిపోతుంది. ‘ఇ’ని సాగదీస్తే ‘వీన్’ అవుతుంది, నోరు ఎక్కువ తెరిస్తే ‘వెన్’ అవుతుంది, అప్పుడు ఎదుటివాళ్లు ‘ఎప్పుడు?’ అని అడిగారనుకుంటారు. రోజుకి పదిసార్లు అద్దం ముందు అనుకుంటే వారంలో పెదవులకి అలవాటవుతుంది.

‘విన్ అయ్యాడు’ అంటాం కదా, మరి ‘హి ఈజ్ వన్’ ఎందుకు తప్పు?

ఇంగ్లిష్ క్రియని తెలుగులోకి తెచ్చుకుంటే దానికి ‘అవు’ గానీ ‘చేయు’ గానీ తగిలించకుండా వాడలేం. పాస్ అయ్యాడు, సెలెక్ట్ అయ్యాడు, డౌన్‌లోడ్ చేశాడు. అలాగే విన్ అయ్యాడు. ఇది మన భాష సహజంగా చేసే పని, ఇందులో తప్పేమీ లేదు. చిక్కు తిరుగు ప్రయాణంలో వస్తుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు ఆ ‘అయ్యాడు’ కూడా వెంట వస్తుంది, వచ్చి ‘ఈజ్’గా మారుతుంది. ‘హి ఈజ్ సెలెక్టెడ్’ చెల్లుతుంది, ఎందుకంటే అతన్ని ఎవరో ఎంపిక చేశారు. గెలుపు అలా కాదు, గెలిచినవాడు అతనే. అందుకని ‘హి వన్’, అంతే. ‘హి ఈజ్ వన్’ అంటే వినేవాళ్లకి ‘అతను ఒకడు’ అన్నట్టు వినిపిస్తుంది.

మరి ‘ద మ్యాచ్ వాజ్ వన్’ సరైనదేనా అంటే, సరైనదే. మ్యాచ్ గెలవబడింది కాబట్టి. మనిషి పక్కన ఆ ‘వాజ్’ పెట్టకండి.

## రెండో అడుగు: వాక్యంలో పెట్టేటప్పుడు

చెస్‌లో మా అన్నయ్యని గెలిచాను. ‘ఐ వన్ మై బ్రదర్’ అంటే అందరూ నవ్వారు. ఎందుకు?

ఈ ఒక్కటి అర్థమైతే ‘విన్’లో సగం సందేహాలు తీరిపోతాయి, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

తెలుగులో ‘గెలుచు’ పక్కన ఎవరినైనా పెట్టొచ్చు. పందెం గెలిచాడు, శత్రువుని గెలిచాడు, రెండూ చక్కటి తెలుగే. ఇంగ్లిష్ ‘విన్’ అలా ఒప్పుకోదు. దాని తర్వాత వచ్చేది మీకు దక్కినదే అయి ఉండాలి, మీరు ఓడించినది కాకూడదు. మహాభారతం నుంచే చూద్దాం. స్వయంవరంలో మత్స్యయంత్రం కొట్టి అర్జునుడు ద్రౌపదిని గెలుచుకున్నాడు. ఇంగ్లిష్‌లో ‘అర్జునా వన్ ద్రౌపది’ సరైన వాక్యం. యుద్ధంలో అర్జునుడు కర్ణుణ్ణి గెలిచాడు. దీన్ని ‘అర్జునా వన్ కర్ణా’ అంటే కర్ణుడు బహుమతిగా దక్కాడని అర్థం వస్తుంది. అక్కడ ‘డిఫీటెడ్’ అనాలి. జూదంలోనూ అంతే: శకుని ధర్మరాజుని ‘బీట్’ చేశాడు, కౌరవులు రాజ్యాన్ని ‘విన్’ చేశారు.

మీ వాక్యానికి వస్తే: ‘ఐ బీట్ మై బ్రదర్ ఎట్ చెస్’. లేదా ‘ఐ వన్ అగెనెస్ట్ మై బ్రదర్’. మ్యాచ్, కప్పు, డబ్బు, మనసు వస్తే విన్. మనిషి, జట్టు, పార్టీ వస్తే బీట్.

‘బీట్’ అంటే కొట్టడం కదా, అన్నయ్యని కొట్టాననుకోరా?

ఆట సందర్భంలో ఎవరూ అలా అనుకోరు. ‘ఎట్ చెస్’, ‘ఇన్ ద ఫైనల్’ అని ఒక్క మాట చేరిస్తే అనుమానానికే చోటుండదు. ‘డిఫీట్’ కాస్త బరువైన మాట. పేపర్లో, చరిత్ర పాఠంలో, అధికారిక నివేదికలో బాగుంటుంది. ఇంట్లో క్యారమ్స్ ఆడి ‘ఐ డిఫీటెడ్ మై సిస్టర్’ అంటే తప్పు కాదు గానీ చెల్లిని పరాజితురాలిని చేశాను అన్నంత బరువుగా ఉంటుంది. బీట్‌కి పాస్ట్ టెన్స్ కూడా ‘బీట్’, మూడో రూపం ‘బీటెన్’.

‘ఇండియా వన్ ఆన్ ఆస్ట్రేలియా’ అనొచ్చా? మనం ‘ఆస్ట్రేలియాపై గెలిచింది’ అంటాం కదా.

ఆ ‘పై’ వల్లే ‘ఆన్’ వచ్చి కూర్చుంటుంది. క్రియగా వాడితే ‘వన్ అగెనెస్ట్ ఆస్ట్రేలియా’. నామవాచకంగా వాడితే ‘ఎ విన్ ఓవర్ ఆస్ట్రేలియా’, ఇది మన ‘పై’కి చాలా దగ్గర. ఎంత తేడాతో గెలిచారో చెప్పాలంటే ‘బై’: ‘వన్ బై 7 రన్స్’. మనం ‘7 పరుగులతో’ అంటాం కాబట్టి ‘విత్’ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఏ ఆటలో అంటే ‘ఎట్’: ‘వన్ ఎట్ చెస్’. ఏ వేదిక మీద అన్నా ఎక్కువగా ‘ఎట్’ సరిపోతుంది: ‘ఎట్ లార్డ్స్’, ‘ఎట్ ద ఒలింపిక్స్’. ఊరు, దేశం అయితే ‘ఇన్’.

‘గెలిపించాడు’ అనే మాటకి ఇంగ్లిష్ ఏమిటి? ‘మేడ్ విన్’ అనొచ్చా?

తెలుగులో గెలుచుకి పక్కనే గెలిపించు సిద్ధంగా ఉంది. ఇంగ్లిష్‌లో అలాంటి జంట మాట లేదు. ‘మేడ్ అస్ విన్’ వ్యాకరణపరంగా నిలబడుతుంది గానీ ఇంగ్లిష్‌వాళ్లు అలా అనరు. వాళ్లు ‘విన్’కే రెండు కర్మలు తగిలిస్తారు. 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలో ఆన్ ఆడుతూ మన హైదరాబాదీ లక్ష్మణ్ 281 కొట్టాడు, ఇండియా ఆస్ట్రేలియాపై 171 పరుగులతో గెలిచింది. ‘లక్ష్మణ్స్ 281 వన్ ఇండియా ద మ్యాచ్’ అంటే ఆ ఇన్నింగ్స్ ఇండియాని గెలిపించింది అని. ‘వన్ ద మ్యాచ్ ఫర్ ఇండియా’ అన్నా అదే అర్థం. కెప్టెన్ విషయంలో ‘లెడ్ ద టీమ్ టు విక్టరీ’ అంటారు.

ఎన్నికల్లో ‘నన్ను గెలిపించండి’ అనేది మన గోడల నిండా కనిపించే మాట. దాన్ని మాటకి మాట మార్చబోతే ఇరుక్కుపోతారు. ‘ఎలెక్ట్ మీ’, ‘ఓట్ ఫర్ మీ’, ఇవే దానికి సహజమైన ఇంగ్లిష్. ‘ప్రజలు నన్ను గెలిపించారు’ అంటే ‘ద పీపుల్ ఎలెక్టెడ్ మీ’. తెలుగు మాటలో ఉన్న ఆత్మీయత ఇందులో కొంత తగ్గుతుందన్నది నిజం. నాకూ అది ప్రతిసారీ లోటుగానే అనిపిస్తుంది.

‘వి హ్యావ్ వన్ యెస్టర్‌డే’ తప్పంటున్నారు. ఎందుకు?

నిన్న, పోయిన ఏడాది, 1983లో అని ఫలానా సమయం చెప్పాక ‘హ్యావ్’ ఉండకూడదు. ‘ఇండియా వన్ ద వరల్డ్ కప్ ఇన్ 1983’. సమయం చెప్పకుండా ఇప్పటిదాకా జరిగింది చెబితే ‘హ్యావ్’ కావాలి: ‘షి హ్యాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్’. ఇది పి.వి.సింధు గురించి చెప్పగలిగిన వాక్యం, 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం.

సింధు రియోలో ఫైనల్ ఓడిపోయింది కదా, ‘వన్ సిల్వర్’ అంటారేంటి?

మంచి ప్రశ్న. ఇక్కడ ‘వన్’ ఫైనల్ గురించి కాదు, దక్కిన పతకం గురించి. ఫైనల్‌లో కరోలినా మారిన్ చేతిలో ఓడింది, అది ‘లాస్ట్ ద ఫైనల్’. వెండి పతకం మెడలో పడింది, అది ‘వన్ సిల్వర్’. రెండూ ఒకే వాక్యంలో పెట్టినా వైరుధ్యం లేదు. 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం సాధించినప్పుడూ ‘వన్ బ్రాంజ్’ అనే రాశారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. తెలుగులో ఇలాంటి చోట ‘గెలిచింది’ కంటే ‘సాధించింది’ అనడమే మనకి అలవాటు.

‘ఇండియా ఈజ్ విన్నింగ్’ అంటే గెలిచేసినట్టేనా?

ఇంకా లేదు. ప్రస్తుతానికి ముందంజలో ఉందని మాత్రమే. ‘హు ఈజ్ విన్నింగ్?’ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఎవరిది పైచేయి అని అడుగుతున్నారు. గెలుపు ఒక్క క్షణంలో జరిగే పని, కాబట్టి ‘రెండు గంటల నుంచి గెలుస్తున్నాం’ అనే అర్థంలో వాడాలంటే అది ఆధిక్యం గురించే అవుతుంది.

హెడ్‌లైన్‌లో ‘ఇండియా విన్’ అని ‘ఎస్’ లేకుండా వేశారు. అచ్చుతప్పా?

కాదు. బ్రిటిష్ పద్ధతిలో జట్టు పేరు బహువచనం. ఇండియా అంటే పదకొండు మంది ఆటగాళ్లు, కాబట్టి ‘ఇండియా విన్’, ‘ఇండియా హ్యావ్ వన్’. అమెరికన్ పద్ధతిలో జట్టు ఒకటే, కాబట్టి ‘విన్స్’. మన దేశపు పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. మీరు ఏది ఎంచుకున్నా ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. జరిగిపోయినదానికి వర్తమానం వాడటం హెడ్‌లైన్ అలవాటు, దాన్ని మామూలు వ్యాసంలోకి తేవద్దు.

‘నాకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది’ని ఎలా చెప్పాలి?

‘ఐ వన్ ఫస్ట్ ప్రైజ్.’ తెలుగులో ప్రైజ్ వస్తుంది, లాటరీ తగులుతుంది, సీటు దొరుకుతుంది. మనిషి ‘నాకు’ అంటూ పక్కన నిలబడతాడు. ఇంగ్లిష్‌లో మనిషి ముందుకి రావాలి. ‘ప్రైజ్ కేమ్ టు మీ’ అంటే కొరియర్‌లో ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ఇంటర్వ్యూలో మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. ‘ఐ వన్’ అని ధైర్యంగా చెప్పండి, అది గొప్పలు చెప్పుకోవడం కాదు.

పరీక్షలో గెలిచాను, జీవితంలో గెలిచాను: వీటికీ ‘విన్’ సరిపోతుందా?

పరీక్షకి ‘పాస్’ లేదా ‘క్లియర్’. ఇంటర్వ్యూకి ‘గాట్ త్రూ’ లేదా ‘క్లియర్డ్’. జీవితానికి ‘సక్సీడ్’. ఎదురుగా పోటీదారుడు గానీ దక్కే బహుమతి గానీ లేని చోట ‘విన్’ అతకదు. కాలేజీలో సీటు వస్తే ‘గాట్ ఎ సీట్’, ఎమ్మెల్యే సీటు అయితే ‘వన్ ఎ సీట్’.

విన్, ఎర్న్, గెయిన్: డబ్బు విషయంలో ఏది?

జీతం ‘ఎర్న్’ చేస్తారు, లాటరీ డబ్బు ‘విన్’ చేస్తారు. ‘గెయిన్’ అంటే ఉన్నదానికి మరికొంత చేరడం: అనుభవం, బరువు, షేర్లలో లాభం. గౌరవానికి విన్, ఎర్న్ రెండూ నప్పుతాయి. ‘ఎర్న్డ్ రెస్పెక్ట్’ అంటే అర్హతతో సంపాదించుకున్నాడు అని, ‘వన్ రెస్పెక్ట్’ అంటే ఇవ్వడానికి వెనకాడినవాళ్ల నుంచి కూడా పొందాడు అని. తేడా సన్నం, కానీ ఉంది.

## మూడో అడుగు: ఆటలు, ఎన్నికలు, వేలాలు

మా ఊరి టోర్నమెంట్ సర్టిఫికెట్‌లో ‘విన్నర్, రన్నర్’ అని వేయొచ్చా?

విన్నర్ సరే. రన్నర్ అంటే పరుగెత్తేవాడు. రెండో స్థానానికి మాట ‘రన్నర్-అప్’. జట్టు మొత్తం అయితే ‘రన్నర్స్-అప్’, ‘ఎస్’ మధ్యలో వస్తుంది. తెలుగు బ్యానర్ మీద ‘విన్నర్స్, రన్నర్స్’ అందరికీ అర్థమవుతుంది, దాన్ని మార్చాల్సిన పని లేదు. ఇంగ్లిష్ సర్టిఫికెట్ మాత్రం ఆ పిల్లాడి ఫైల్లో జీవితాంతం ఉంటుంది, ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు సరిచేయించండి.

క్రికెట్‌లో కొన్నిసార్లు పరుగులతో, కొన్నిసార్లు వికెట్లతో గెలిచారంటారు. ఎందుకు?

ముందు బ్యాటింగ్ చేసిన జట్టు గెలిస్తే పరుగుల తేడా చెబుతారు. 1983 లార్డ్స్ ఫైనల్‌లో ఇండియా 183 చేసి వెస్టిండీస్‌ని 140కి ఆపింది, ‘వన్ బై 43 రన్స్’. రెండోసారి బ్యాటింగ్ చేసి లక్ష్యం దాటితే చేతిలో మిగిలిన వికెట్లు చెబుతారు. 2011 వాంఖడే ఫైనల్‌లో శ్రీలంకపై ‘వన్ బై 6 వికెట్స్’.

టై, డ్రా రెండూ ఒకటేనా?

క్రికెట్‌లో కాదు. టై అంటే ఆట పూర్తయి స్కోర్లు సమానం కావడం. డ్రా అంటే సమయం అయిపోయి ఫలితం తేలకపోవడం. టెస్టుల్లో టై చాలా అరుదు, 1960 బ్రిస్బేన్‌లో ఒకటి, 1986 మద్రాసులో ఇండియా, ఆస్ట్రేలియా మధ్య ఒకటి.

‘5,000 మెజారిటీతో గెలిచారు’ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి?

‘వన్ బై 5,000 ఓట్స్’ అని రాయండి, ప్రపంచంలో ఎవరు చదివినా అర్థమవుతుంది. ‘విత్ ఎ మెజారిటీ ఆఫ్ 5,000’ మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ చెల్లుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం మెజారిటీ అంటే సగానికి మించిన ఓట్లు అనుకుంటారు, తేడాని ‘మార్జిన్’ అంటారు.

సర్పంచ్ ఏకగ్రీవంగా గెలిచారు. ‘వన్ యునానిమస్లీ’ సరైనదేనా?

‘ఎలెక్టెడ్ అనపోజ్డ్’ అనాలి. యునానిమస్ అంటే ఓటేసినవాళ్లంతా ఒకే మాట మీద ఉండటం. సర్పంచ్ ఏకగ్రీవంలో ఓటింగే జరగదు, ఇంకెవరూ బరిలో ఉండరు. ‘మా ఊరు యునానిమస్ అయింది’ అనేది తెలుగులో స్థిరపడిపోయిన వాడుక, మాట్లాడేటప్పుడు వాడుకోండి. ఆటలో ప్రత్యర్థి రాకపోతే దక్కే గెలుపు ‘వాకోవర్’.

తీర్మానం నెగ్గింది, పంతం నెగ్గించుకున్నాడు: వీటికి విన్ వాడొచ్చా?

నెగ్గడం, గెలవడం మనకి దగ్గరి చుట్టాలే గానీ ఇంగ్లిష్‌లో దారులు వేరు. తీర్మానం నెగ్గితే ‘ద మోషన్ వాజ్ క్యారీడ్’ లేదా ‘పాస్డ్’. ప్రభుత్వం విశ్వాస పరీక్ష నెగ్గితే మాత్రం ‘వన్ ద ట్రస్ట్ ఓట్’ అంటారు. పంతం నెగ్గించుకుంటే ‘గాట్ హిజ్ వే’. వాదనలో విసిగిపోయి ‘సరే, నీ మాటే నెగ్గింది’ అనాలంటే రెండే మాటలు: ‘ఓకే, యూ విన్.’

వేలంలో దక్కించుకోవడాన్ని విన్ అంటారా?

అంటారు. ‘వన్ ద ఆక్షన్’, ‘ప్లేస్డ్ ద విన్నింగ్ బిడ్’ రెండూ సరైనవే. వినాయక నిమజ్జనం రోజున బాలాపూర్ లడ్డూ వార్తల్లో ‘విన్నింగ్ బిడ్’ అనే మాట కనబడుతుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. పత్రికలవాళ్లు ‘బ్యాగ్డ్’ అనే మాట కూడా ఇష్టంగా వాడతారు.

‘కంగ్రాట్స్ ఫర్ యువర్ విన్’ అని మెసేజ్ పెట్టాను. ఓకేనా?

అర్థమవుతుంది, కానీ ‘ఆన్ యువర్ విన్’ అనాలి.

## నాలుగో అడుగు: విక్టరీ, పలుకుబళ్లు

విన్, విక్టరీ: రెండింట్లో ఏది ఎప్పుడు?

‘విన్’ క్రియగానూ నామవాచకంగానూ పనిచేస్తుంది. ‘విక్టరీ’ నామవాచకం మాత్రమే, ‘హి విక్టరీడ్’ అనే మాట లేదు. లీగ్ మ్యాచ్ గెలిస్తే ‘ఎ విన్’. యుద్ధం, చారిత్రక తీర్పు, పెద్ద ఎన్నిక అయితే ‘విక్టరీ’. మనకి గెలుపు, విజయం ఉన్నట్టే: గల్లీ క్రికెట్‌లో గెలుపు అంటాం, యుద్ధం తర్వాత విజయం అంటాం. ఏకపక్షమైన ఎన్నికకి ‘ల్యాండ్‌స్లైడ్ విక్టరీ’ అని పేరు, కొండచరియ విరిగిపడ్డట్టు అని. 2024 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో కూటమికి 175లో 164 స్థానాలు వచ్చినప్పుడు ఇంగ్లిష్ వార్తల్లో ఈ మాట బాగా వినిపించింది.

విన్-విన్ అంటే రెండుసార్లు గెలవడమా?

ఇద్దరికీ లాభం కలగడం. ‘ఉభయతారకం’ అనే చక్కటి మాట మనకి ఉంది, ఎందుకో మరిచిపోతున్నాం. దీనికి ఎదురు ‘నో-విన్ సిచ్యుయేషన్’: ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

‘వన్ హ్యాండ్స్ డౌన్’ అంటే చేతులు దించి ఓడిపోవడం అనుకున్నా. కాదా?

సరిగ్గా వ్యతిరేకం. చాలా తేలిగ్గా గెలవడం. గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. తన గుర్రం చాలా ముందుందని తెలిసిన జాకీ ఇక తొందరపెట్టే పని లేక పగ్గాలు వదులు చేసి చేతులు కిందికి దించేవాడు. మన ‘నల్లేరు మీద బండి నడక’ దీనికి సరిగ్గా సరిపోతుంది.

గెలిచినా ఓడినట్టే అయింది. దీనికి ఇంగ్లిష్‌లో మాట ఉందా?

ఉంది, ‘పిరిక్ విక్టరీ’. పిర్రస్ అనే రాజు గ్రీసు దేశపు ఎపిరస్‌ని ఏలేవాడు. క్రీ.పూ. 279లో అస్కులం దగ్గర రోమన్లని ఓడించాడు, కానీ తన సైన్యంలో మేటి యోధుల్ని ఎంతోమందిని పోగొట్టుకున్నాడు. రోమన్లకి కొత్త సైనికులు వస్తూనే ఉన్నారు, అతనికి రాలేదు. అన్నదమ్ములు ఎకరం పొలం కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి, చివరికి గెలిచినవాడు ఆ పొలమే అమ్మి లాయరు ఫీజు కట్టాడంటే అదీ ఇదే.

‘విన్ ఓవర్’, ‘విన్ బ్యాక్’ అంటే?

‘విన్ ఓవర్’ అంటే మొదట ఒప్పుకోనివాళ్లని మన వైపు తిప్పుకోవడం. ప్రేమ పెళ్లికి అమ్మాయి నాన్నగారు కాదన్నారు, అబ్బాయి మెల్లగా ఆయన మనసు గెలుచుకున్నాడు: ‘హి వన్ హర్ ఫాదర్ ఓవర్’. ‘విన్’ పక్కన నేరుగా మనిషి రాగలిగే అరుదైన చోటు ఇది. ‘విన్ బ్యాక్’ అంటే పోగొట్టుకున్నదాన్ని తిరిగి పొందడం, ముఖ్యంగా నమ్మకాన్ని.

‘విన్నింగ్ స్మైల్’ అంటే గెలిచినప్పటి నవ్వా?

కాదు. చూసినవాళ్ల మనసు దోచే నవ్వు. ‘విన్నింగ్స్’ అని బహువచనంలో వస్తే పందెంలోనో పేకాటలోనో వచ్చిన డబ్బు.

నాయకులు రెండు వేళ్లు చూపిస్తే ‘విక్టరీ సింబల్’ అంటాం. ఇంగ్లిష్‌లో కూడా అంతేనా?

‘వి సైన్’ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి ప్రచారంలోకి వచ్చింది, చర్చిల్ వల్ల లోకమంతా పాకింది. ఒక జాగ్రత్త: అరచెయ్యి ఎదుటివాళ్లకి కనబడేలా చూపించాలి. చెయ్యి వెనక్కి తిప్పి చూపిస్తే బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ అది బూతు. అక్కడ చదువుకోవడానికి వెళ్లే పిల్లలు ఫొటోల్లో గుర్తుపెట్టుకోండి.

‘యూ హ్యావ్ వన్ 25 ల్యాక్స్’ అని మెసేజ్ వచ్చింది. నిజమేనా?

మీరు టికెట్ కొనలేదు, పోటీలో పాల్గొనలేదు. అలాంటప్పుడు గెలవడానికి ఏమీ లేదు. ఇది మోసం. లింక్ నొక్కకండి, ‘ప్రాసెసింగ్ ఫీజు’ అంటూ ఒక్క రూపాయి కూడా పంపకండి, ఓటీపీ చెప్పకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకి ‘యూ హ్యావ్ వన్’ అనే ఈ మూడు ఇంగ్లిష్ మాటలు గుర్తుపట్టడం నేర్పించండి.

## ఐదో అడుగు: మాట వెనక కథ

విన్, విక్టరీ, విజయం అన్నీ ‘వి’తోనే మొదలవుతాయి. మూలం ఒకటేనా?

కాదు, మూడూ మూడు వేర్ల నుంచి వచ్చాయి. విజయంలో ‘వి’ ఉపసర్గ, అసలు ధాతువు ‘జి’, జయం కూడా దాని నుంచే. విక్టరీ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కి చేరింది. ‘విన్’ మాత్రం ఇంగ్లిష్ పుట్టింటి మాట. పాత ఇంగ్లిష్‌లో ‘విన్నన్’ అంటే కష్టపడటం, పోరాడటం. గెలుపు అర్థం దాని మీద తర్వాత నిలబడింది. జర్మన్ ‘గెవిన్నెన్’ దీని తోబుట్టువు.

ఇంకా వెనక్కి వెళ్తే మనకి తెలిసిన ముఖమే కనిపిస్తుంది. ఈ మాటకి మూలమైన ప్రాచీన ధాతువుకి కోరుకోవడం, దానికోసం పాటుపడటం అని అర్థం. సంస్కృతంలో అది ‘వన్’ ధాతువు: కోరు, పొందు, గెలుచు. అందులోంచి వచ్చిందే మనం రోజూ వాడే ‘వనిత’, కోరుకోబడినది అని. రోమన్ల ప్రేమదేవత వీనస్ పేరూ అక్కడిదే. ఇంగ్లిష్ ‘విష్’ కూడా ఆ కుటుంబమే. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లల కళ్లు మెరుస్తాయి, నాకు ఎంతో ఇష్టమైన జవాబు ఇది.

ఎడ్విన్, గాడ్విన్ పేర్లలో ఉన్నది ఈ విన్నేనా?

మన క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేర్లు వింటుంటాం. అందులోని ‘విన్’ పాత ఇంగ్లిష్‌లో ‘స్నేహితుడు’ అనే మాట. ప్రాచీన మూలం అదే అయినా గెలుపు అనే అర్థం లేదు. గెలుపు అర్థమున్న పేర్లు కావాలంటే విక్టర్, విన్సెంట్, గ్రీకు నుంచి వచ్చిన యూనిస్ ఉన్నాయి.

కీబోర్డు మీద ‘విన్ కీ’కి గెలుపుకి ఏమైనా సంబంధం ఉందా?

లేదు. విండోస్‌కి పొట్టిపేరు.

సింగరేణిలో పనిచేసే మా మామయ్య పుస్తకంలో ‘విన్నింగ్ ఆఫ్ కోల్’ అని ఉంది. బొగ్గుని గెలవడమేంటి?

అది తప్పు కాదు, గనుల ఇంగ్లిష్‌లో ఇప్పటికీ బతికున్న పాత వాడుక. భూమిలోంచి ఖనిజాన్ని తవ్వి చేతికి తెచ్చుకోవడాన్ని ‘విన్’ అంటారు. మన దేశ చట్టంలోనూ ఉంది: 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం మైనింగ్ కార్యకలాపాలని నిర్వచించేటప్పుడు ‘విన్నింగ్ ఎనీ మినరల్’ అనే మాటే వాడింది. కష్టపడి సంపాదించడం అనే పాత అర్థం ఇందులో చెక్కుచెదరలేదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘బొగ్గు గెలవడం’ అనకండి, ‘బొగ్గు తీయడం’ అనండి, మీ మామయ్య కూడా అదే అంటారు.